బండి ఆగిపోయిన చోట



సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో ప్రతి పండక్కీ పేపర్లో చూస్తూనే ఉన్నాం. అన్ని బళ్లు రోడ్డెక్కాక కొన్ని మధ్యలో మొరాయించక మానవు. ఒకదానికి టైరు పోతుంది. ఒకదాని బ్యాటరీ డౌన్ అవుతుంది. ఇంకోదాని బానెట్ కింద నుంచి ఆవిర్లు. ఖరీదైన కారు కదా అని మినహాయింపు ఏమీ ఉండదు.

ఇలా ఆగిపోయినవాళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంది. దాన్ని రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అంటారు. ఏజెంట్ల భాషలో ఆర్‌ఎస్‌ఏ. మనలో చాలామందిమి దానికి డబ్బు కట్టే ఉంటాం, కానీ కట్టినట్టు గుర్తుండదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ నాడు ఏజెంటు ఫోన్ చేస్తాడు. "ఆర్‌ఎస్‌ఏ కూడా పెట్టమంటారా సార్?" "ఎంతవుతుంది?" "కొన్ని వందలే సార్." "సరే, పెట్టు." ఆ మాట అక్కడితో మరిచిపోతాం. ఏ అర్ధరాత్రో కారు ఆగినప్పుడు, అంతా వాళ్లే చూసుకుంటారనుకుని ఫోన్ చేస్తాం. తీరా చెడిపోయిన పార్టుకు డబ్బులడిగితే గొడవ.

ఆ గొడవ ఎందుకంటే, ఇది మరమ్మతుకు బీమా కాదు. ఆగిన బండిని, అందులో ఉన్న మనుషుల్ని రోడ్డు మీద నుంచి క్షేమంగా తప్పించడం వరకే దీని పని. మెకానిక్ వస్తాడు, పావుగంటలో అయ్యే పనైతే చేస్తాడు. లేదంటే బండిని దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కో గ్యారేజీకో చేరుస్తారు. అక్కడ వేసే బెల్టు, పంపు, సెన్సర్ ఖర్చు మీదే. ఈ తేడా ముందే తెలిసినవాళ్లకు ఈ కొన్ని వందలు ఎంత పని చేస్తాయో అర్థమవుతుంది. తెలియనివాళ్లు మోసపోయామనుకుంటారు.

అసలు మామూలు కారు పాలసీ ఈ విషయంలో ఏమంటుందో చూడండి. యంత్రం దానంతటది చెడిపోతే, కరెంటు సంబంధమైన లోపం వస్తే, అరిగిపోతే మాకు సంబంధం లేదని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. యాక్సిడెంట్ అయి బండి కదలకపోతే మాత్రం దాన్ని గ్యారేజీకి చేర్చే ఖర్చు ఇస్తారు. అదీ ప్రామాణిక పాలసీలో కారుకు 1,500 రూపాయలు, బైకుకు 300. పాత మోటార్ టారిఫ్ కాలం నుంచి వస్తున్న అంకెలవి. ఈ రోజుల్లో ఆ 300తో బైకును ఎంత దూరం లాక్కెళ్లగలరో మీరే ఊహించుకోండి. ఈ ఖాళీని పూడ్చడానికి వచ్చిందే ఆర్‌ఎస్‌ఏ. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టేవాళ్లకు మామూలుగా ఇది పాలసీతో కలిపి రాదు, విడిగా కొనుక్కోవాలి.

సరే, ఫోన్ చేశారు. ఆ తర్వాత తెరవెనక ఏం జరుగుతుందో తెలిస్తే క్రేన్ ఎందుకు ఆలస్యమవుతుందో కూడా అర్థమవుతుంది.

మీరు చేసిన ఫోన్ ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి దగ్గరికి పోవడం అరుదు. ఈ సేవలు అందించడమే వ్యాపారంగా పెట్టుకున్న వేరే సంస్థలున్నాయి. బీమా కంపెనీ ఒక్కో బండికి ఇంతని వాళ్లకు ముట్టజెప్పి పని అప్పగిస్తుంది. వాళ్ల కాల్ సెంటర్ ఏ రాష్ట్రంలోనైనా ఉండొచ్చు. వాళ్లకు చాలావరకు సొంత క్రేన్లు ఉండవు. ఊరూరా క్రేన్ల యజమానులతో, మెకానిక్ షెడ్లతో ఒప్పందాలుంటాయి. చివరికి మీ దగ్గరికి వచ్చేది సూర్యాపేటలోనో కోదాడలోనో సొంత క్రేన్ నడుపుకునే కుర్రాడు. అతనికి కేసుకింత, కిలోమీటరుకింత అని లెక్క. అందుకే ఊరి పొలిమేరలో ఆగిన కారు దగ్గరికి తొందరగా వస్తారు. నల్లమలలో ఆగితే మాత్రం, శ్రీశైలం దారిలో సిగ్నలే సరిగా అందదు. పైగా రాత్రి తొమ్మిది దాటాక అడవి గేట్లు మూసేస్తారు. యాప్‌లో "నలభై నిమిషాల్లో" అని చూపించే మాటను అక్కడ నమ్మకూడదు.

కాల్ సెంటర్‌తో సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది.

"సార్, బండి ఎక్కడ ఆగింది?"

"హైవే మీదమ్మా."

"ఏ హైవే సార్?"

"విజయవాడ హైవే."

"దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏమైనా ఉందా సార్?"

"చీకటి తప్ప ఏమీ కనపడట్లేదమ్మా."

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమె ఎప్పుడూ చూడని రోడ్డది. మనం హైదరాబాద్‌లో దాన్ని విజయవాడ హైవే అంటాం, విజయవాడవాళ్లు హైదరాబాద్ హైవే అంటారు. ఆమె కంప్యూటర్లో అది ఎన్‌హెచ్ 65. కాబట్టి ఫోన్ చేసే ముందు నాలుగడుగులు నడిచి కిలోమీటరు రాయి చూడండి. జాతీయ రహదారి అయితే ఆ రాయి తలకు పసుపు రంగు ఉంటుంది, రాష్ట్ర రహదారి అయితే ఆకుపచ్చ. దాని మీద ఉన్న ఊరి పేరు, అంకె చదివి చెప్పండి. మీరు ఎటు నుంచి ఎటు పోతున్నారో కూడా చెప్పాలి. నాలుగు లేన్ల రోడ్డులో మధ్యన డివైడర్ ఉంటుంది. క్రేన్ అవతలివైపు వచ్చిందంటే యూ టర్న్ కోసం మళ్లీ కిలోమీటర్లు తిరగాలి. వాట్సాప్‌లో లొకేషన్ పంపడం అన్నిటికన్నా సులువు, డేటా ఉంటే.

ఈ పద్ధతికి పుట్టిల్లు మన దేశం కాదు. దాని పుట్టుక కథ కొంచెం తమాషాగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1903 చట్టం కార్ల వేగాన్ని గంటకు 20 మైళ్లకు పరిమితం చేసింది. పోలీసులు పొదల్లో నక్కి, స్టాప్‌వాచ్ పట్టుకుని కార్లను పట్టుకునేవాళ్లు. వాళ్ల వలలో పడకుండా తప్పించుకోవడానికి 1905లో కొందరు కారు యజమానులు కలిసి ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. సైకిళ్ల మీద తిరిగే స్కౌట్లను నియమించుకున్నారు. ముందు పోలీసులున్నారని చెప్పడమే ఆ స్కౌట్ల ఉద్యోగం. ఇలా హెచ్చరించడం కూడా నేరమేనని 1910లో కోర్టు తేల్చేసరికి, వాళ్లు కొత్త ఉపాయం పన్నారు. సంఘం బ్యాడ్జి ఉన్న కారు కనిపిస్తే స్కౌట్ మామూలుగా సెల్యూట్ కొడతాడు. కొట్టలేదంటే ముందు పోలీసులున్నట్టు. సెల్యూట్ కొట్టలేదని ఎవరి మీద కేసు పెడతారు చెప్పండి! క్రమంగా అదే సంఘం రోడ్డు పక్కన టెలిఫోన్ పెట్టెలు పెట్టి, సభ్యులకు వాటి తాళంచెవులిచ్చి, ఆగిన కార్లను బాగుచేయించే సంస్థగా మారింది. వేగానికి రక్షణగా పుట్టింది ఆగినవాళ్లకు రక్షణ అయింది. మన దేశంలోనూ బొంబాయిలో 1919లో వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఏర్పడింది.

క్రేన్ సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రం, చట్టనూగా ఊళ్లో ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్, వాగులో పడిన తెలిసినవాళ్ల ఫోర్డ్ కారును దుంగలు, తాళ్లు, మనుషుల్ని పెట్టి నానా తంటాలు పడి బయటికి లాగాడట. ఆ తర్వాత 1916లో కారు మీద కప్పీ, గొలుసులు బిగించి మొదటి టో ట్రక్కు తయారు చేశాడు. తర్వాత ఆ ఊళ్లో టోయింగ్‌కు ఒక మ్యూజియమే వెలిసింది.

అమెరికా మాటొచ్చింది కాబట్టి, అక్కడ చదువుకోవడానికి వెళ్లే మన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ పిల్లలు ముందు సెకండ్ హ్యాండ్ కారే కొంటారు. సీనియర్లు "ట్రిపుల్ ఏ తీసుకో" అని సలహా ఇస్తారు. మంచి సలహాయే. అది అక్కడి ఆటోమొబైల్ సంఘంలో, కారుకు కాదు, మనిషికి వర్తించే సభ్యత్వం. స్నేహితుడి కారులో పోతున్నా పనికొస్తుంది. మన దగ్గర పాలసీతో వచ్చేది మాత్రం బండి నంబరుకే కట్టుబడి ఉంటుంది. అద్దె కారులో తిరుపతి పోతూ, ఇంట్లో ఉన్న కారు పాలసీ చూపిస్తే ఎవరూ రారు.

ఏ ఆర్‌ఎస్‌ఏ లేనివాళ్ల గతేంటి? జాతీయ రహదారి మీద అయితే 1033 ఉంది. రాత్రి పగలు పనిచేస్తుంది, ఫోన్‌కు డబ్బులు పడవు. మనం కట్టే టోల్‌లో ఈ సేవ కూడా కలిసే ఉంది. రోడ్డు నిర్వహించే కంపెనీ పెట్రోలింగ్ బండినీ, అంబులెన్స్‌నూ, క్రేన్‌నూ సిద్ధంగా ఉంచాలి. ఒకప్పుడు టోల్ చీటీ మీద ఆ దారిలో సాయం కోసం పిలవాల్సిన నంబర్లు ఉండేవి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక చీటీయే చేతికి రావడం లేదు. దాంతోపాటు నంబరూ కంటికి ఆనడం లేదు. ఇది నాకు నచ్చని మార్పు. గేటు దాటగానే డబ్బు కోసుకున్నామని మెసేజ్ వస్తుంది కదా, అందులోనే 1033 అన్న నాలుగంకెలు చేరిస్తే పోయేదేముంది? అయితే ఆ క్రేన్ మీ బండిని దారికి అడ్డం లేకుండా తప్పిస్తుందే గానీ, హైదరాబాద్‌లో మీ మెకానిక్ షెడ్డు దాకా తీసుకురాదు. గ్రామీణ రోడ్ల మీద ఈ ఏర్పాటు లేదు. అక్కడ మనకు దిక్కు పంక్చర్ షాపువాడూ, దారినపోయే ట్రాక్టరూ.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. ఫోన్ చేశాక క్రేన్ వచ్చేదాకా ఉండే ఆ గంట. బండి చెడిపోవడం వల్ల ఎవరూ చావరు. చెడిపోయిన బండి పక్కన నిలబడటం వల్ల చనిపోతారు.

గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు వస్తుంది. డిక్కీలో ఉండే ఎర్ర త్రికోణాన్ని తెచ్చి మీ కారు వెనక పది అడుగుల్లో పెడితే, వచ్చేవాడు అది చూసి బ్రేకు తొక్కేలోపే పనైపోతుంది. యాభై మీటర్ల దూరంలో పెట్టినా అతనికి దొరికేది రెండు సెకన్లు కూడా కాదు. హైవే మీదైతే వంద మీటర్లకు తగ్గకుండా వెనక్కి నడిచి పెట్టండి, అదీ రోడ్డు అంచున, వచ్చే బళ్లను చూసుకుంటూ. హజార్డ్ లైట్లు వేయండి. అందరూ ఎడమవైపు తలుపుల్లోంచే దిగాలి. దిగాక కారును ఆనుకుని కబుర్లు చెప్పుకోవద్దు. ముఖ్యంగా కారు ముందు నిలబడొద్దు. వెనక నుంచి ఏ లారీ గుద్దినా ఆ కారే మీ మీదికి వస్తుంది. అంచున ఇనుప రెయిలింగ్ ఉంటే దాని అవతలికి దాటి, కారుకు కొంచెం వెనకగా, బళ్లు వచ్చే వైపున నిలబడండి. పిల్లలు చలికి వణుకుతున్నారని మళ్లీ కారులో కూర్చోబెట్టకండి. దుప్పటి కప్పండి.

కుడివైపు టైరు పోయి, కారు ట్రాఫిక్‌ను ఆనుకుని ఆగిందనుకోండి. స్టెప్నీ మీరే వేసుకోగలిగినా ఆ పనికి దిగొద్దు. వీపు ట్రాఫిక్ వైపు పెట్టి, జాకీ పక్కన మోకాళ్ల మీద కూర్చునే మనిషి చీకట్లో ఎవరికీ కనపడడు.

మన లారీవాళ్ల దగ్గర ఒక అలవాటుంది. బండి ఆగితే చెట్టుకొమ్మ విరిచి వెనక పెడతారు, చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు పేరుస్తారు. పగలు కొమ్మ పనిచేస్తుంది, కాదనను. కానీ బండి బాగయ్యాక కొమ్మనూ రాళ్లనూ అక్కడే వదిలేసి పోతారు. ఆ రాత్రి ఆ రాళ్ల మీదికి వచ్చేది ఎవరో ఒక బైకువాడు. మోటారు వాహనాల చట్టంలో 201వ సెక్షన్ ప్రకారం, చెడిపోయిన బండిని రాకపోకలకు అడ్డంగా ఉంచడం జరిమానా పడే నేరం. రాళ్లు వదిలి వెళ్లేవాణ్ని ఎవరు పట్టుకుంటున్నారు?

క్రేన్ వచ్చాక కూడా కళ్లు తెరిచే ఉండాలి. గొలుసు తగిలించి ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే రకం ఒకటి, కారును మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ రకం ఒకటి. ఎలక్ట్రిక్ కారైనా, నాలుగు చక్రాలకూ ఇంజన్ ఊపు ఉండే బండైనా ఫ్లాట్‌బెడ్డే అడగాలి. ఎలక్ట్రిక్ కారు చక్రాలు నేల మీద తిరుగుతుంటే లోపల మోటారూ తిరుగుతూనే ఉంటుంది. దాంతో అది చెడిపోవచ్చు. ఈ మాట ఫోన్ చేసినప్పుడే చెప్పండి. క్రేన్ వచ్చాక చెప్తే, "ఏం కాదు సార్, రోజూ లాగుతాం" అంటాడు. కారు ఎక్కించే ముందు నాలుగువైపులా ఫొటోలు తీసుకుని, లోపలి సామాను తీసేసుకోండి.

బ్యాటరీ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలా ఫోన్లు దానికోసమే. వేరే కారు నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేయడం మీరే చేయాల్సి వస్తే వరస తప్పకూడదు. ఎర్ర వైరు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. తర్వాత నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు. దాని ఆఖరి కొసను చచ్చిన బ్యాటరీకి తగిలించకండి. ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగం చూసి, బ్యాటరీకి దూరంగా తగిలించండి. చివరి కలయికలో మిణుగురు రేగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువుకు అది అంటుకుంటే బ్యాటరీ పేలుతుంది.

స్టెప్నీ విషయంలో ఒక మార్పు కూడా జరిగింది. టైర్లలో గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చర్ కిట్టు ఉన్న కార్లలో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని కేంద్రం 2020లో నిబంధన సవరించింది. కొన్ని సీఎన్‌జీ కార్లలో స్టెప్నీకి చోటు లేకుండా డిక్కీ నిండా సిలిండరే. ఇలాంటి కార్లలో టైరు పక్క గోడ చిరిగిందంటే కిట్టు పనిచేయదు, స్టెప్నీ ఉండదు. టోయింగ్ ఒక్కటే దారి. అలాంటి కారు ఉన్నవాళ్లు ఆర్‌ఎస్‌ఏ లేకుండా దూరప్రయాణం చేయడం నాకైతే సాహసం అనిపిస్తుంది.

వరదనీళ్ల సంగతి చెప్పకుండా ముగించలేను. 2020 అక్టోబరులో హైదరాబాద్ వానలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునగడం మనం చూశాం. నీళ్లలో ఆగిన కారును చాలామంది ఏం చేస్తారు? నీళ్లు తగ్గగానే తాళం తిప్పి సెల్ఫ్ కొడతారు. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చి దాన్ని ఢీకొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అక్కడితో ఇంజన్ ఖాళీ. వరద నష్టం మామూలు పాలసీలో ఉన్నా, మీరు సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పోయిందని సర్వేయర్ తేలిస్తే ఆ డబ్బు రాదు. ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరే యాడ్-ఆన్ ఉండాలి. స్టార్ట్ చేయకుండా బండిని ఎత్తించి గ్యారేజీకి పంపడమే ఇక్కడ చేయాల్సిన పని. ఆర్‌ఎస్‌ఏ నిజంగా లక్షలు మిగిల్చేది ఇలాంటప్పుడే. కాకపోతే ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తుంది కాబట్టి, ఒక రోజో రెండు రోజులో ఓపిక పట్టాలి.

మరి అందరూ కొనాలా? ఊళ్లోనే తిరిగే కొత్త కారైతే, తయారీ కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎస్‌ఏ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. మళ్లీ పాలసీలోనూ కొంటే ఒకే దానికి రెండుసార్లు కట్టినట్టు. ముందు అది చూసుకోండి. పాత కారున్నవాళ్లు, రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లు, ఒంటరిగా బండి నడిపే ఆడవాళ్లు, పెద్దవాళ్లను తీసుకుని తీర్థయాత్రలకు పోయేవాళ్లు తప్పకుండా తీసుకోవాలి. బైకులకూ ఉంది, కారు కన్నా చవక. కొనేటప్పుడు అడగాల్సింది ధర కాదు. ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా లాక్కెళ్తారు, ఏడాదికి ఎన్నిసార్లు, దాటితే కిలోమీటరుకు ఎంత? ఇరవై, పాతిక కిలోమీటర్లకే పరిమితమయ్యే పథకం హైవే మీద పెద్దగా అక్కరకు రాదు. బండి ఆగాక అప్పటికప్పుడు ఫోన్‌లో కొందామనుకోకండి. విడిగా అమ్మే చాలా పథకాలు కొన్న కొన్ని రోజులకు గానీ అమల్లోకి రావు. ఆర్‌ఎస్‌ఏ వాడుకుంటే నో క్లెయిం బోనస్ పోతుందేమోనన్న భయం కొందరికి ఉంటుంది. మామూలుగా పోదు. అందుకని మొహమాటపడి కారును తోసుకుంటూ పోవద్దు.

చివరగా ఒక్క కోరిక. ఈ కార్యక్రమం అయ్యాక మీ పాలసీ కాగితం తీసి, ఆర్‌ఎస్‌ఏ నంబరు వెతకండి. దాన్నీ, పాలసీ నంబరునూ, 1033నూ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఫోన్‌లో ఉందిలే అనుకోకండి, బండి ఆగేవేళకు ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. మీ ఇంట్లో ఆ బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఆ అట్టముక్క ఎక్కడుందో చెప్పండి.